చెరకు తోటల నుంచి ఆసుపత్రి వార్డుల దాకా: ఫిలిప్పినోల వలస చరిత్ర

ప్రపంచంలోని ఏ పెద్ద రేవులో చూసినా, ఏ మహానగరపు ఆసుపత్రిలో అడుగుపెట్టినా ఫిలిప్పీన్స్ దేశస్థులు కనిపించడం నేడు సర్వసాధారణం. పదకొండు కోట్లకు పైగా జనాభా గల ఆ ద్వీపదేశానికి చెందిన సుమారు కోటి మంది విదేశాలలో నివసిస్తున్నారు లేదా ఉపాధి పొందుతున్నారు. 2024లో విదేశాల నుంచి స్వదేశంలోని కుటుంబాలకు అందిన సొమ్ము 3,800 కోట్ల డాలర్లను దాటింది. ఆ దేశ స్థూల దేశీయోత్పత్తిలో ఇది 8 శాతానికి పైమాటే.

ఈ అంకెల వెనుక నాలుగు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. దానిని మొదటి నుంచి పరిశీలిస్తే ఒక విషయం పదే పదే ఎదురవుతుంది. ఫిలిప్పినోల శ్రమ అవసరమైన ప్రతిసారీ పరాయి దేశాల తలుపులు తెరుచుకున్నాయి. అదే శ్రామికులు పెళ్లి చేసుకుని స్థిరపడతామన్నప్పుడు, సమాన వేతనం, పౌరసత్వం, పింఛను అడిగినప్పుడు అవే తలుపులు మూతపడ్డాయి. పొట్ట చేతబట్టుకుని వెళ్లినవారు ఎప్పటికీ కూలీలుగానే మిగలాలా, లేక ఆ నేలకు చెందినవారు కావచ్చా అన్నదే ఈ చరిత్ర పొడవునా నలిగిన ప్రశ్న. గల్ఫ్ దేశాలకు ఏళ్ల తరబడి మనుషులను పంపుతున్న తెలుగు పల్లెలకు కూడా ఈ ప్రశ్న కొత్తది కాదు.

గాలియన్ నౌకల కాలం

ఫిలిప్పీన్స్ దీవులలో స్పెయిన్ 1565లో తన తొలి శాశ్వత స్థావరాన్ని నెలకొల్పింది. అదే ఏడాది పసిఫిక్ మహాసముద్రాన్ని దాటి మెక్సికోకు తిరిగి చేరే నౌకామార్గం కూడా కనుగొన్నారు. నాటి నుంచి 1815 వరకు, రెండున్నర శతాబ్దాల పాటు, మనీలాకూ మెక్సికోలోని అకపుల్కో రేవుకూ మధ్య గాలియన్లు అనే భారీ తెరచాప నౌకలు తిరిగాయి. చైనా పట్టు, పింగాణీ, సుగంధ ద్రవ్యాలు అటు వెళ్లేవి. మెక్సికో వెండి ఇటు వచ్చేది. ఆ నౌకలను కట్టినవారిలోనూ నడిపినవారిలోనూ స్థానిక ద్వీపవాసులే అధికం. నెలల తరబడి సాగే ఆ ప్రయాణంలో ఆకలికి, వ్యాధులకు ఎందరో బలయ్యేవారు. బతికి బయటపడినవారిలో కొందరు అకపుల్కోలో ఓడ దిగి మళ్లీ ఎక్కలేదు. మెక్సికో పశ్చిమ తీరంలో స్థిరపడి, కొబ్బరి కల్లు గీసే విద్యను అక్కడివారికి నేర్పింది వారే.

1587 అక్టోబర్ 18న ఒక స్పానిష్ నౌక నేటి కాలిఫోర్నియాలోని మోరో బే వద్ద లంగరు వేసింది. కెప్టెన్ పెడ్రో డి ఉనమునో వెంట ఒడ్డుకు దిగినవారిలో లుజోన్ ద్వీపవాసులు ఉన్నారు. నేటి అమెరికా ప్రధాన భూభాగంపై ఫిలిప్పినోల తొలి పాదముద్రగా దీనిని పరిగణిస్తారు. అమెరికాలోని ఫిలిప్పినోలు అక్టోబర్‌ను తమ చరిత్ర మాసంగా జరుపుకోవడానికి ఈ తేదీయే కారణం.

ఇంగ్లిష్‌వారి వలసలు వర్జీనియాలో వేళ్లూనకముందే జరిగిన ఈ సంఘటన స్థిరనివాసంగా మారలేదు. ఆ ఘనత లూసియానా రాష్ట్రానికి దక్కింది. అక్కడి బోర్న్ సరస్సు ఒడ్డున, చిత్తడి నేలల్లో గుంజలు పాతి వాటిపై ఇళ్లు కట్టుకుని సెయింట్ మాలో అనే జాలరి పల్లెను ఫిలిప్పినోలు ఏర్పరచుకున్నారు. రచయిత లాఫ్‌కాడియో హెర్న్ 1883లో హార్పర్స్ వీక్లీ పత్రికలో ఈ పల్లె గురించి రాసే వరకు బయటి ప్రపంచానికి దాని ఉనికి అంతగా తెలియదు. 1915 నాటి తుఫాను ఆ పల్లెను తుడిచిపెట్టింది. ఎండురొయ్యల వ్యాపారానికి పేరుపొందిన మరో స్థావరం మనీలా విలేజ్‌ను 1965లో బెట్సీ తుఫాను ధ్వంసం చేసింది. ఈ పల్లెలను ఎవరూ పిలిచి కట్టించలేదు, చట్టమూ వాటిని పట్టించుకోలేదు. రాజ్యం కంటికి దూరంగా బతికినంత కాలం వారి నివాసానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

పౌరులు కారు, పరాయివారూ కారు

1898లో పరిస్థితి మారిపోయింది. స్పెయిన్‌పై యుద్ధంలో గెలిచిన అమెరికా, పారిస్ ఒప్పందం ప్రకారం రెండు కోట్ల డాలర్లు చెల్లించి ఫిలిప్పీన్స్‌ను తన అధీనంలోకి తెచ్చుకుంది. అప్పటికే స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఫిలిప్పినోలు దీనిని ప్రతిఘటించారు. 1899లో మొదలైన యుద్ధం వారిని అణచివేయడంతో ముగిసింది.

ఈ ఆక్రమణ వలస చట్టాల్లో ఒక విచిత్రమైన వర్గాన్ని సృష్టించింది. అమెరికా చట్టం దృష్టిలో ఫిలిప్పినోలు పౌరులు కారు. అలాగని విదేశీయులూ కారు. వారిని జాతీయులు అన్నారు. అమెరికా జెండా కింద ఉన్నవారు కాబట్టి ఆ దేశంలోకి రావచ్చు, పని చేయవచ్చు. ఓటు వేయడానికి మాత్రం వీలులేదు, సాధారణంగా పౌరసత్వమూ దక్కదు. 1903లో ప్రవేశపెట్టిన పెన్షనాడో పథకం కింద ప్రభుత్వ ఖర్చుతో దాదాపు వందమంది విద్యార్థులను తొలి విడతగా అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపారు. వలస పాలనకు కావలసిన ఉద్యోగ వర్గాన్ని తయారు చేయడం దాని ఉద్దేశం. చదువుకున్న ఈ కొద్దిమంది తిరిగివెళ్లి ఉన్నత పదవులు అందుకున్నారు. వారి వెనుక బయలుదేరిన లక్షమందికి పైగా శ్రామికులకు లభించిన స్వాగతం వేరు.

హవాయి చెరకు తోటలు

1906 డిసెంబర్ 20న డోరిక్ అనే ఆవిరి నౌక హోనలూలూ రేవు చేరింది. అందులో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన 15 మంది శ్రామికులు ఉన్నారు. హవాయి చక్కెర తోటల యజమానుల సంఘం వారిని రప్పించి ఓలా తోటకు తరలించింది. సకాడాలు అని పేరుపడిన ఈ తోట కూలీల్లో వారే మొదటివారు. ఆ తరువాతి నాలుగు దశాబ్దాల్లో సుమారు లక్షా 25 వేల మంది ఇదే బాట పట్టారు.

యజమానులు ఫిలిప్పినోల వైపు చూడటానికి కారణం ఉంది. 1882 నాటి చట్టం చైనీయుల రాకను నిషేధించింది. 1907-08లో జపాన్‌తో కుదిరిన అవగాహన జపనీయుల రాకకు కళ్లెం వేసింది. అమెరికా జాతీయులుగా ఉన్న ఫిలిప్పినోలకు ఈ ఆంక్షలు వర్తించవు. పైగా జపనీయ కూలీలు అప్పటికే సమ్మెలు చేయడం నేర్చుకున్నారు. వేరే భాష మాట్లాడే కొత్త కూలీలు చేతికి వస్తే సమ్మెలను విచ్ఛిన్నం చేయవచ్చునని యజమానులు ఆశించారు. ఏజెంట్లు ప్రధానంగా ఉత్తర లుజోన్‌లోని ఇలోకోస్ ప్రాంతాన్ని ఎంచుకున్నారు. కొండలకూ సముద్రానికీ మధ్య ఇరుకైన నేల, అధిక జనాభా, ముక్కలైన కమతాలు ఉన్న ప్రాంతమది. పొలం విడిపించుకోవాలన్నా, తమ్ముణ్ణి చదివించాలన్నా అక్కడి యువకుడికి హవాయి కూలే దారిగా కనిపించింది.

దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు, మారిషస్‌కు, 1903 నుంచి ఫిజీకి మద్రాసు రేవు మీదుగా తెలుగు కూలీలు చెరకు తోటలకు తరలిపోయిన కాలం కూడా ఇదే. ఒప్పందం మీరితే జైలుకు పంపే పద్ధతి హవాయిలో 1900తో రద్దయింది కనుక ఆ మేరకు సకాడాల స్థితి కొంత నయం. తోట జీవితం మాత్రం అంతే కఠినం. జాతుల వారీగా విడివిడి శిబిరాలు ఉండేవి. గుర్రంపై తిరిగే పర్యవేక్షకుడి గద్దింపుల మధ్య రోజంతా చెరకు నరకాలి. ప్రతి కూలీకీ బాంగో అనే లోహపు బిళ్ల ఇచ్చేవారు. దానిపై చెక్కిన సంఖ్యే తోట లెక్కల్లో అతడి గుర్తింపు.

విభజించి పాలించవచ్చన్న ఆశ ఫలించలేదు. 1920లో ఓహూ ద్వీపంలో ఫిలిప్పినో, జపనీయ కూలీలు ఒకే కాలంలో సమ్మెకు దిగారు. 1924లో పాబ్లో మన్లాపిట్ నాయకత్వంలో మరో పెద్ద సమ్మె మొదలైంది. రోజుకు రెండు డాలర్ల కూలి, ఎనిమిది గంటల పని అన్నవి ముఖ్యమైన కోర్కెలు. ఆ ఏడాది సెప్టెంబర్ 9న కవాయి ద్వీపంలోని హనపేపే వద్ద పోలీసులకూ సమ్మెదారులకూ జరిగిన ఘర్షణలో 16 మంది కూలీలు, నలుగురు పోలీసులు మరణించారు. మన్లాపిట్‌కు జైలుశిక్ష పడింది. తరువాత ఆయన హవాయిని విడిచి వెళ్లవలసి వచ్చింది.

కాలిఫోర్నియా పొలాలు

1920లలో వలస ప్రవాహం అమెరికా ప్రధాన భూభాగానికి మళ్లింది. 1930 జనగణన నాటికి అక్కడ సుమారు 45 వేల మంది ఫిలిప్పినోలు ఉన్నారు. వారిలో మూడింట రెండు వంతుల మంది కాలిఫోర్నియాలోనే నివసించేవారు. స్టాక్‌టన్ పరిసరాల్లో ఆస్పరాగస్, సలీనాస్ లోయలో లెట్యూస్ ఆకుకూర, డెలానోలో ద్రాక్ష, వేసవిలో అలాస్కా తీరంలోని చేపల డబ్బాల కర్మాగారాలు... పంట వెంట, రుతువు వెంట సాగిన సంచార జీవితం వారిది. రచయిత కార్లోస్ బులోసాన్ 1930లో సియాటిల్ చేరి ఈ జీవితాన్ని దగ్గరగా చూశారు. 1946లో వచ్చిన ఆయన పుస్తకం అమెరికా ఈజ్ ఇన్ ద హార్ట్ ఆ తరానికి సాక్ష్యంగా నిలిచింది.

వచ్చినవారిలో అత్యధికులు పెళ్లికాని యువకులు. స్వదేశపు స్త్రీలు అతి స్వల్పం. వారు శ్వేతజాతి యువతులతో నృత్యశాలల్లో కలసిమెలసి ఉండటం స్థానికుల ఆగ్రహానికి కారణమైంది. ఆర్థిక మాంద్యం ఆ మంటకు ఆజ్యం పోసింది. 1930 జనవరిలో వాట్సన్‌విల్ పట్టణంలో మూకలు ఫిలిప్పినోలపై రోజుల తరబడి దాడులు చేశాయి. జనవరి 22 రాత్రి కూలీల బసపై జరిపిన కాల్పుల్లో ఫెర్మిన్ టోబెరా అనే 22 ఏళ్ల యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. కాలిఫోర్నియా శాసనసభ ఈ అన్యాయానికి అధికారికంగా విచారం వ్యక్తం చేసింది 2011లో.

పెళ్లి విషయంలోనూ చట్టం అడ్డు నిలిచింది. కాలిఫోర్నియాలో శ్వేతజాతీయులతో మంగోలియన్ల వివాహం చెల్లదు. ఫిలిప్పినోలు మలయ జాతికి చెందినవారు కనుక ఈ నిషేధం తమకు వర్తించదని సాల్వడోర్ రోల్డాన్ అనే వ్యక్తి న్యాయస్థానంలో వాదించి 1933లో గెలిచారు. వెంటనే శాసనసభ చట్టాన్ని సవరించి మలయ జాతిని కూడా నిషేధిత జాబితాలో చేర్చింది. ఈ నిషేధాన్ని 1948లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కొట్టివేసే నాటికి ఆ యువకుల్లో చాలామందికి వయసు మీరిపోయింది. అవివాహితులుగానే వృద్ధులైన ఈ తరాన్ని ఫిలిప్పినోలు మనోంగులు, అంటే అన్నగార్లు, అని ఆదరంగా పిలుచుకుంటారు.

స్వాతంత్ర్యం ఇచ్చి, దారి మూసి

1934లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన టైడింగ్స్-మెక్‌డఫీ చట్టం ఫిలిప్పీన్స్‌కు పదేళ్ల పరివర్తన దశ అనంతరం స్వాతంత్ర్యం వాగ్దానం చేసింది. వలస పాలనను వ్యతిరేకించినవారితో పాటు ఫిలిప్పినోల రాకను ఆపాలన్నవారు కూడా ఈ చట్టాన్ని బలపరిచారు. కారణం అందులోని ఒక నిబంధన. వలసల విషయంలో ఫిలిప్పినోలను తక్షణమే విదేశీయులుగా పరిగణించి, ఏడాదికి 50 మందికి మించి రానివ్వరాదని అది నిర్దేశించింది. స్వాతంత్ర్యం రావడానికి పదేళ్లు పట్టినా, విదేశీయులు కావడానికి ఒక్క రోజు కూడా పట్టలేదు. మరుసటి ఏడాది ఉచిత నౌకాప్రయాణంతో స్వదేశానికి పంపే చట్టం వచ్చింది. వెళ్లినవారు తిరిగి రావాలంటే ఆ 50 మంది కోటాలోనే రావాలి. అందువల్ల దానిని వినియోగించుకున్నవారు సుమారు 2,200 మంది మాత్రమే.

రెండవ ప్రపంచ యుద్ధం ఈ గోడకు బీటలు వేసింది. జపాన్‌కు వ్యతిరేకంగా రెండున్నర లక్షల మందికి పైగా ఫిలిప్పినోలు అమెరికా జెండా కింద పోరాడారు. యుద్ధం ముగిశాక 1946 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెస్ చేసిన రెసిషన్ చట్టం వారిలో అత్యధికులకు మాజీ సైనికుల సదుపాయాలు దక్కకుండా చేసింది. 1990లో పౌరసత్వం పొందే వీలు, 2009లో ఏకమొత్తంగా నగదు పరిహారం ప్రకటించే నాటికి ఆ సైనికుల్లో చాలామంది కన్నుమూశారు. అమెరికాలో ఉన్న పౌరులకు 15 వేల డాలర్లు, ఇతరులకు 9 వేల డాలర్లు ఇచ్చారు.

అదే 1946లో జూలై 2న అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేసిన లూస్-సెల్లర్ చట్టం ఫిలిప్పినోల చరిత్రను భారతీయుల చరిత్రతో ముడివేసింది. ఒకే చట్టం ద్వారా ఫిలిప్పీన్స్‌కు ఏడాదికి 100, భారతదేశానికి 100 చొప్పున కోటా కేటాయించి, రెండు దేశాలవారికీ పౌరసత్వం పొందే హక్కు కల్పించారు. రెండు రోజుల తరువాత, జూలై 4న, ఫిలిప్పీన్స్ స్వతంత్ర దేశమైంది. ఈ చట్టం వల్లనే పంజాబ్‌కు చెందిన దలీప్ సింగ్ సౌంద్ అమెరికా పౌరుడై, 1956 ఎన్నికల్లో గెలిచి కాంగ్రెస్ సభ్యుడు కాగలిగారు. నేడు అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పౌరసత్వ హక్కు మూలాలు కూడా అక్కడే ఉన్నాయి. ఆ హక్కు కోసం సాగిన ప్రయాణంలో ఫిలిప్పినోలు సహయాత్రికులు.

1965: ఒక సమ్మె, ఒక చట్టం

1965 సంవత్సరంలో కొద్ది వారాల తేడాతో జరిగిన రెండు సంఘటనలు ఫిలిప్పినోల వలసలో ఒక అధ్యాయాన్ని ముగించి మరొకదాన్ని ప్రారంభించాయి.

సెప్టెంబర్ 8న కాలిఫోర్నియాలోని డెలానోలో ద్రాక్ష తోటల ఫిలిప్పినో కార్మికులు పని ఆపేశారు. గంటకు 1.40 డాలర్ల కూలి వారి కోరిక. 1929లో పదిహేనేళ్ల వయసులో వలస వచ్చిన లారీ ఇట్లియాంగ్ వారి నాయకుడు. కొద్ది రోజులకే సీజర్ చావెజ్ నాయకత్వంలోని మెక్సికన్ కార్మికులు వారితో చేతులు కలిపారు. రెండు సంఘాలూ కలిసి యునైటెడ్ ఫార్మ్ వర్కర్స్‌గా ఏర్పడ్డాయి. దేశవ్యాప్త ద్రాక్ష బహిష్కరణతో బలపడిన ఆ పోరాటం 1970లో యజమానులతో ఒప్పందాలు కుదిరే దాకా సాగింది. చరిత్ర పుస్తకాల్లో చావెజ్ పేరు వెలిగినంతగా ఇట్లియాంగ్ పేరు వెలగలేదు. మొదట పనిముట్లు కింద పెట్టింది మాత్రం ఆ వయసు మళ్లిన అన్నగార్లే. విశ్రాంత కార్మికుల కోసం 1974లో డెలానోలో వెలసిన అగ్బయాని విలేజ్, సమ్మె శిబిరంలో మరణించిన ఒక వృద్ధ కార్మికుడి పేరు మోస్తోంది. అదే తరం వృద్ధులు తలదాచుకున్న శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నేషనల్ హోటల్‌ను మాత్రం 1977 ఆగస్టు 4న పోలీసులు వేలాది మంది నిరసనకారుల మధ్య ఖాళీ చేయించారు.

సమ్మె మొదలైన నెల తిరగకముందే, 1965 అక్టోబర్ 3న, అధ్యక్షుడు జాన్సన్ కొత్త వలస చట్టంపై సంతకం చేశారు. జాతుల వారీ కోటాలు రద్దయ్యాయి. వృత్తి నైపుణ్యం, కుటుంబ సంబంధం అనేవి కొత్త ప్రమాణాలయ్యాయి. పొలం కూలీల స్థానంలో వైద్యులు, నర్సులు, గణకులు, ఇంజినీర్లు బయలుదేరారు. అమెరికా పాలనలో ఏర్పడిన ఇంగ్లిష్ మాధ్యమ విద్య, అమెరికన్ నమూనాలో సాగిన నర్సింగ్ శిక్షణ ఇందుకు రంగం సిద్ధం చేసి ఉంచాయి. 1948లో మొదలైన సందర్శకుల మార్పిడి కార్యక్రమం కింద ఎందరో నర్సులు అప్పటికే అమెరికా ఆసుపత్రులలో పనిచేసి వచ్చారు. కుటుంబాలను రప్పించుకునే వీలు కలగడంతో ఈసారి వలస స్థిరనివాసంగా మారింది. 2020 జనగణన ప్రకారం అమెరికాలో ఫిలిప్పినో మూలాలు గలవారు దాదాపు 44 లక్షల మంది.

రాజ్యమే ఏజెంటు

అమెరికా నైపుణ్యం గలవారిని స్వాగతిస్తున్న ఆ దశాబ్దంలోనే మరో వైపు పెద్ద మార్పు వచ్చింది. 1972లో సైనిక శాసనం విధించిన అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ 1974లో కొత్త కార్మిక స్మృతిని జారీ చేశారు. విదేశాలకు శ్రామికులను పంపడం అప్పటి నుంచి ప్రభుత్వ కార్యక్రమమైంది. దేశంలో నిరుద్యోగం, విదేశీ మారకద్రవ్య కొరత ఒకవైపు, 1973 చమురు ధరల పెరుగుదలతో గల్ఫ్ దేశాల్లో ఊపందుకున్న నిర్మాణాలు మరోవైపు ఇందుకు ప్రేరణ. నిరుద్యోగ సమస్యకు తాత్కాలిక ఉపశమనంగా మొదలైన ఈ విధానాన్ని తరువాతి ప్రభుత్వాలేవీ విరమించలేదు. 1975లో సుమారు 36 వేల మంది విదేశీ ఉపాధికి వెళ్లగా, కోవిడ్‌కు ముందు, 2019లో ఆ సంఖ్య 20 లక్షలు దాటింది.

శ్రామికుల సంపాదనపై అధికారం ఎవరిదన్న వివాదం త్వరలోనే తలెత్తింది. జీతంలో సగం నుంచి 80 శాతం దాకా బ్యాంకుల ద్వారా స్వదేశానికి పంపి తీరాలని 1982లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. హాంగ్‌కాంగ్‌లోని ఇంటిపనివారు సంఘటితమై దీనిని ఎదిరించారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. నౌకా సిబ్బందికి మాత్రం 80 శాతం నిబంధన కొనసాగింది. 1980ల నుంచి వలసల్లో మహిళల వాటా పెరుగుతూ వచ్చింది. ఇంటిపని, పిల్లల పెంపకం, వృద్ధుల సంరక్షణ వారి ప్రధాన ఉపాధి అయింది. 1988లో అధ్యక్షురాలు కొరజాన్ అక్వినో విదేశాల్లోని శ్రామికులను నవవీరులుగా కొనియాడారు. వీరులన్న బిరుదు దక్కినా, ఆపదలో ఆదుకునే యంత్రాంగం అప్పటికి పటిష్టంగా లేదు.

1995 మార్చి 17న ఆ లోటు బయటపడింది. ఇంటిపని చేసే ఫ్లోర్ కాంటెంప్లాసియాన్‌ను సాటి ఫిలిప్పినో పనిమనిషిని, ఒక బాలుణ్ణి హత్య చేసిన నేరంపై సింగపూర్ ఉరితీసింది. ఆమె నిర్దోషి అని నమ్మిన లక్షలాది ఫిలిప్పినోలు తమ ప్రభుత్వం ఆమెను కాపాడేందుకు సకాలంలో ఏమీ చేయలేదని ఆగ్రహించారు. విదేశాంగ మంత్రి రాజీనామా చేశారు. జూన్ 7న వలస శ్రామికుల చట్టంపై సంతకం జరిగింది. ఆర్థికాభివృద్ధికి సాధనంగా విదేశీ ఉపాధిని రాజ్యం ప్రోత్సహించదని ఆ చట్టం తన విధాన ప్రకటనలోనే పేర్కొంది. ఆచరణ అందుకు భిన్నంగానే సాగిందని విమర్శకులు అంటారు. అయినా రాయబార కార్యాలయాల్లో న్యాయసహాయం, ఆశ్రయం, శవాలను స్వదేశానికి చేర్చే బాధ్యత వంటివి అప్పటి నుంచి చట్టబద్ధమైన విధులయ్యాయి.

ఈ బాధ్యతకు రాజకీయ బలం కూడా తోడయింది. 2003లో విదేశాల్లోని పౌరులకు ఓటు హక్కును, ద్వంద్వ పౌరసత్వాన్ని కల్పిస్తూ రెండు చట్టాలు వచ్చాయి. 2004లో ఇరాక్‌లో ఒక ఫిలిప్పినో ట్రక్కు డ్రైవరు బందీ అయినప్పుడు మనీలా ప్రభుత్వం మిత్రదేశాల అసంతృప్తిని లెక్కచేయక తన దళాలను ముందుగానే ఉపసంహరించి అతణ్ణి విడిపించుకుంది. 2018లో కువైట్‌లో ఒక ఇంటిపని మహిళ మృతదేహం ఫ్రీజరులో దొరికినప్పుడు ఆ దేశానికి శ్రామికులను పంపడం నిలిపివేసింది. ఆ ఏడాది మే నెలలో కుదిరిన ఒప్పందం ప్రకారం యజమానులు పాస్‌పోర్టును, ఫోనును లాక్కోరాదు. 2021 డిసెంబర్‌లో వలస శ్రామికుల కోసం ప్రత్యేక మంత్రిత్వ శాఖను ఏర్పాటు చేస్తూ చట్టం చేశారు.

ఉండనిచ్చే దేశాలు, పంపించే దేశాలు

స్వదేశం ఎంత రక్షణ కల్పించినా, స్థిరపడే హక్కును నిర్ణయించేది ఆతిథ్య దేశమే. ఒకే పని చేసే మహిళకు రెండు చోట్ల లభించిన సమాధానాలు ఈ తేడాను స్పష్టం చేస్తాయి.

కెనడా 1992లో ప్రారంభించిన సంరక్షకుల కార్యక్రమం కింద యజమాని ఇంట్లోనే ఉంటూ రెండేళ్లు పనిచేసిన వ్యక్తి శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకునే వీలుండేది. ఇంట్లోనే నివసించాలన్న షరతు దోపిడీకి తావిచ్చిందన్న విమర్శలు వచ్చి ఆ కార్యక్రమం 2014లో మారింది. అయినా వేలాది మహిళలు ఆ దారిలోనే భర్తను, పిల్లలను రప్పించుకోగలిగారు. 2021 జనగణనలో కెనడాలోని ఫిలిప్పినోల సంఖ్య 9 లక్షల 57 వేలు దాటింది.

హాంగ్‌కాంగ్‌లో ఏడేళ్లు నిరంతరంగా నివసించిన విదేశీయులు సాధారణంగా శాశ్వత నివాస హక్కు కోరవచ్చు. 1986 నుంచి అక్కడ ఇంటిపని చేస్తున్న ఒక ఫిలిప్పినో మహిళ ఆ హక్కును కోరుతూ న్యాయస్థానానికి వెళ్లారు. ఇంటిపనివారి నివాసం సాధారణ నివాసం కిందికి రాదని 2013లో అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఉద్యోగం ముగిస్తే రెండు వారాల్లో దేశం విడవాలన్న నియమం కూడా వారికి వర్తిస్తుంది. ఆదివారాల్లో నగర కూడళ్లలో, వంతెనల నీడన అట్టలు పరచుకుని కూర్చునే వేలాది మహిళలు ఆ నగరంలో దశాబ్దాలుగా ఉంటున్నా, ఆ నగరవాసులు మాత్రం కారు. గల్ఫ్ దేశాల్లోనూ ఒప్పందం ముగిస్తే తిరుగు ప్రయాణమే.

ఈ వలస మూల్యాన్ని ఇంటి వద్ద చెల్లించేవారు పిల్లలు. తల్లి పరాయి పిల్లలను పెంచుతుంటే ఆమె పిల్లలు అమ్మమ్మ వద్దో, మేనత్త వద్దో పెరుగుతారు. ఏడాదికో, రెండేళ్లకో వచ్చే కానుకల పెట్టె ఆ ఎడబాటుకు గుర్తుగా మారింది. దేశం కూడా మూల్యం చెల్లిస్తోంది. కోవిడ్ కాలంలో స్వదేశపు ఆసుపత్రుల్లో సిబ్బంది చాలక, విదేశాలకు వెళ్లే నర్సుల సంఖ్యపై ప్రభుత్వం పరిమితి విధించవలసి వచ్చింది. అమెరికాలో నర్సుల్లో ఫిలిప్పినోలు దాదాపు 4 శాతమే అయినా, 2020 సెప్టెంబర్ నాటికి కోవిడ్‌తో మరణించిన నర్సుల్లో సుమారు మూడో వంతు వారేనని అక్కడి నర్సుల సంఘం నివేదిక వెల్లడించింది.

తెలుగు పల్లెలకు సంబంధించిన పాఠం

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి నిర్మాణ కూలీలు, కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపని మహిళలు వెళ్లే గల్ఫ్ నగరాల్లో ఫిలిప్పినోలు వారికి సహోద్యోగులు. చట్టాలు ఇద్దరికీ ఒకటే. వెనుక నిలిచే యంత్రాంగంలోనే తేడా కనిపిస్తుంది. ఫిలిప్పీన్స్ 2006 చివరలో తన ఇంటిపనివారి కనీస వేతనాన్ని 200 డాలర్ల నుంచి 400 డాలర్లకు పెంచింది. భారతదేశం 2020లో గల్ఫ్ వలస కార్మికుల కనీస సూచిక వేతనాలను తగ్గించినప్పుడు ఆ వివాదం తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లింది. 2021లో పాత వేతనాలను పునరుద్ధరించారు. మన వలసలకు నేటికీ ఆధారం 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టమే.

ఫిలిప్పీన్స్ విధానం లోపరహితమని ఎవరూ అనరు. అప్పు చేసి ఏజెంటుకు చెల్లించే శ్రామికులు, ఒప్పందంలో ఒక జీతం, చేతికి మరో జీతం అందుకునేవారు అక్కడా ఉన్నారు. అయితే శ్రామికుడు దేశం దాటిన తరువాత కూడా అతడి పట్ల రాజ్యానికి బాధ్యత ఉంటుందన్న సూత్రాన్ని ఆ దేశం చట్టంగా మలచుకుంది. అది ఎవరో దయతో ఇచ్చింది కాదు. హనపేపేలో ప్రాణాలు పోగొట్టుకున్న కూలీలు, డెలానోలో పని ఆపిన వృద్ధులు, హాంగ్‌కాంగ్‌లో ఉత్తర్వును ఎదిరించిన ఇంటిపని మహిళలు ఒక్కో తరంలో ఒక్కో మెట్టుగా దానిని సాధించుకున్నారు. ఏటా లక్షల మంది విమానం ఎక్కుతున్న నేటి ఫిలిప్పీన్స్‌లో, సొంత ఊళ్లోనే బతుకుతెరువు దొరికే రోజు ఎప్పుడన్న ప్రశ్నకు మాత్రం ఇంకా సమాధానం దొరకవలసి ఉంది.